హైదరాబాద్‌లో ఏ ఏరియా? ముందు దాన్ని ఎవరు వేశారో అడగండి

హైదరాబాద్‌లో ఇల్లు చూస్తున్నామని చెప్పగానే ఎవరైనా ఇచ్చే సలహా ఒకటే: ఆఫీసుకు దగ్గర్లో తీసుకోండి. కాదనలేం. కానీ ఆఫీసు ఇవాళ మాదాపూర్‌లో ఉంటుంది, రెండేళ్లకు నానక్‌రాంగూడకు మారుతుంది, ఆ తర్వాత ఉద్యోగమే మారిపోతుంది. పిల్లల స్కూలు, అమ్మానాన్నల డాక్టరు, నమ్మకమైన పనిమనిషి అంత తేలిగ్గా మారరు. అద్దెకైతే ఏడాది ఓర్చుకుని ఖాళీ చేయొచ్చు. కొన్నాక ఆ వీలుండదు.

అందుకే నన్ను ఎవరైనా అడిగితే ముందు వేరే ప్రశ్న వేస్తాను. ఆ ఏరియాను మొదట ఎవరు వేశారు, ఎవరి కోసం వేశారు? నిజాం సర్కారు వేసిందా, కంటోన్మెంట్ (సైన్యం ఉండే ప్రాంతం) పక్కన పెరిగిందా, హౌసింగ్ బోర్డు కట్టిందా, ఉద్యోగులు సొసైటీ పెట్టుకుని ప్లాట్లు పంచుకున్నారా, పొలాలు కొని బిల్డర్ టవర్లు లేపాడా? గల్లీ ఎంత వెడల్పు, నల్లా నీళ్లు వస్తాయా లేక ట్యాంకరే దిక్కా, వాన పడితే నీళ్లు ఎటు పోతాయి, కొత్తిమీర కట్ట కోసం బండి తీయాలా వద్దా అన్నవి చాలావరకు ఆ మొదటి రోజే తేలిపోయాయి. తర్వాత ఎన్ని ఫ్లైఓవర్లు వేసినా వాటిని మార్చడం కష్టం.

ఇక్కడ అన్ని ఏరియాలూ రాయడం లేదు. మామూలు ఉద్యోగస్తుల కుటుంబాలు నిజంగా తేల్చుకోలేక ఊగిసలాడేవాటిని మాత్రమే పోల్చాను.

మూసీ వరద తర్వాత పుట్టినవి: నల్లకుంట, చిక్కడపల్లి, బర్కత్‌పుర, విద్యానగర్

1591లో చార్మినార్‌తో మొదలైన ఊరు మూడు వందల ఏళ్లకు పైగా మూసీకి దక్షిణానే ఎక్కువగా ఒదిగి ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి దాదాపు 15 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఆయన సూచనతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టడం జరిగాయి. ‘గండిపేట నీళ్లు తాగినవాడు ఊరు విడిచిపోడు’ అని మనం అనుకునేది ఆ ఉస్మాన్‌సాగర్ నీళ్ల గురించే. వరద వెనకే ప్లేగు వచ్చింది. ఇరుకు బస్తీల్లో ఉంటే బతకలేమని జనానికీ సర్కారుకూ అర్థమై, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. రోడ్లు వెడల్పు చేయడం, మురుగు కాలువలు వేయడం, సామాన్యులకు ఇళ్లు కట్టి అద్దెకివ్వడం దాని పని. ఇప్పటికీ పాత పేర్లలో సీఐబీ క్వార్టర్స్ అన్న మాట వినిపిస్తుంది. ఆ పనే తర్వాత హౌసింగ్ బోర్డు చేతికి వచ్చింది.

ఊరు నది దాటి ఉత్తరానికి జరుగుతున్న ఆ రోజుల్లోనే 1916లో కాచిగూడ స్టేషన్ కట్టారు, 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది, 1939లో అడిక్‌మెట్ వైపు ఆర్ట్స్ కాలేజీ భవనం తెరిచారు. స్టేషనుకూ యూనివర్సిటీకీ నడుమ ఉన్న నేల మీదికి టీచర్లు, వకీళ్లు, గుమాస్తాలు, చదువుకునే పిల్లలు వచ్చి చేరారు. ఈ పక్క ఏరియాల స్వభావం నేటికీ అదే. పొద్దున్నే నల్లకుంట కూరగాయల మార్కెట్‌కు వెళ్తే సంచి పట్టుకుని బేరమాడే రిటైర్డ్ మాస్టారూ, పక్కనే మెస్‌కు పోతున్న ఉద్యోగ పరీక్షల కుర్రాడూ కనిపిస్తారు. శంకర్‌మఠ్ ఉంది, ఫీవర్ ఆసుపత్రి ఉంది. చిక్కడపల్లికి నడిస్తే నగర కేంద్ర గ్రంథాలయం, త్యాగరాయ గానసభ, ఇంకో పది నిమిషాలు నడిస్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లు. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. సాయంత్రం ఓ కచేరీయో, ఓ పుస్తకావిష్కరణో, ఓ ధర్నా సభో ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. తెలుగు చదువుకునేవాళ్లకు ఊళ్లో ఇంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం. ఇందులో నా పక్షపాతం కొంత ఉందని ముందే చెప్పేస్తున్నా.

మరి ఇబ్బందులో? మొదటిది పార్కింగ్. ఈ గల్లీలు సైకిలూ రిక్షా తిరిగే రోజుల్లో పడ్డవి. ఒక పాత ఇంటి జాగాలో ఎనిమిది ఫ్లాట్లు లేచి, కింద నాలుగు కార్లకే చోటుంటే మిగతా నాలుగు కార్లు గల్లీలోకే వస్తాయి. రాత్రి తొమ్మిదికి ఆఫీసు నుంచి వచ్చినవాడు ఎదురింటాయన గేటు ముందు బండి పెట్టి, పొద్దున ఆరింటికి ఆయన కొట్టే కాలింగ్ బెల్‌తో లేస్తాడు. రెండోది అపార్ట్‌మెంట్ల వయసు. 1990లలో కట్టిన వాటిలో లిఫ్ట్, డ్రైనేజీ పైపులు, పైకప్పు లీకు తప్పకుండా చూసుకోవాలి. మూడోది నాలా, అంటే వరద నీటి కాలువ. హుస్సేన్‌సాగర్ నుంచి దిగే నాలా అశోక్‌నగర్, నల్లకుంట, గోల్నాక మీదుగా పోయి మూసీలో కలుస్తుంది. దాని గట్టున ఉన్న గల్లీకీ, రెండు వీధులు ఎగువన ఉన్న గల్లీకీ చాలా తేడా. ఒకే పిన్‌కోడ్ అని రెండూ ఒకటే అనుకోవద్దు.

ఐటీ వైపు వెళ్లాలంటే ఇక్కడి నుంచి మెట్రో గ్రీన్ లైన్ ఎక్కి పరేడ్ గ్రౌండ్ దగ్గర మారి రాయదుర్గం పోవాలి. రోజూ వెళ్లిరావడానికి పట్టే టైమ్ తక్కువేమీ కాదు. దీనికి ఒక మధ్యేమార్గం ఉంది: తార్నాక, హబ్సిగూడ. యూనివర్సిటీకి అవతలి వైపు ఎన్‌ఐఎన్, ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలు వరుసగా వచ్చాయి. శాస్త్రవేత్తలు, ప్రొఫెసర్లు కట్టుకున్న ఇళ్లు, కాస్త వెడల్పు వీధులు, చెట్లు. పైగా బ్లూ లైన్ మీదే ఉంది కాబట్టి రాయదుర్గం దాకా మారకుండా కూర్చుని పోవచ్చు. నల్లకుంట ఇష్టపడి పార్కింగ్‌కు భయపడేవాళ్లకు నేను తార్నాకే చెబుతాను. నల్లకుంటలో ఉన్నంత సందడి ఉండదు, అద్దె కొంచెం ఎక్కువ, అంతే.

కంటోన్మెంట్ నీడలో: మారేడ్‌పల్లి, పద్మారావునగర్

సికింద్రాబాద్ పుట్టుకే వేరు. 1806లో సికందర్ జా పేరు మీద వెలిసిన ఈ ఊరు బ్రిటిష్ సైన్యం కోసం పెరిగింది. సైన్యానికి సరుకులు కావాలి, లెక్కలు రాసేవాళ్లు కావాలి. తమిళ ముదలియార్లు, పార్సీలు, ఆంగ్లో ఇండియన్లు, మార్వాడీ వ్యాపారులు అలా వచ్చినవాళ్లే. 1874లో రైలు వచ్చింది, రైల్వే ఉద్యోగులూ చేరారు. 1960లో రెండు నగరాల మున్సిపాలిటీలూ ఒకటయ్యాయి. కానీ మారేడ్‌పల్లిలో పాతవాళ్లు ‘హైదరాబాద్ వెళ్లొస్తా’ అనడం ఇంకా మానలేదు.

పడమటి మారేడ్‌పల్లి గీత గీసినట్టు వేసిన కాలనీ. వీధులు తిన్నగా ఒకదాన్నొకటి కోసుకుంటాయి, మధ్యలో పార్కులుంటాయి. పాత బంగళాలు కూలి అపార్ట్‌మెంట్లు లేచినా రోడ్డు వెడల్పు మాత్రం మిగిలింది. నల్లకుంటతో పోలిస్తే పెద్ద తేడా ఇదే. అంబులెన్స్ నేరుగా గేటు దాకా వస్తుంది. ఇంట్లో ఎనభై ఏళ్లవాళ్లుంటే ఇది చిన్న విషయం కాదు. పద్మారావునగర్ అంత విశాలం కాదు గానీ, స్కందగిరి గుడి చుట్టూ తమిళ, తెలుగు కుటుంబాలు కలిసిపోయి, గాంధీ ఆసుపత్రి దగ్గర్లోనే ఉండి, మారేడ్‌పల్లి కంటే తక్కువ ఖర్చులో దాదాపు అదే ప్రశాంతత ఇస్తుంది. కూరగాయలకు మోండా మార్కెట్ ఉండనే ఉంది. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి బోనాలప్పుడు ఆ చుట్టుపక్కల వీధులన్నీ జాతరే. ఆ ఆదివారం చుట్టాలను పిలిస్తే బండి ఎక్కడ పెట్టాలో కూడా చెప్పి పిలవండి.

ఇక్కడి చిక్కు కంటోన్మెంటే. బోర్డు పరిధిలో ఇల్లు కట్టాలన్నా అంతస్తు పెంచాలన్నా నిబంధనలు వేరు, అనుమతిచ్చే ఆఫీసు వేరు. అందుకే ఆ పక్క ఎత్తైన టవర్లు తక్కువ, చెట్లు ఎక్కువ. అద్దెకుండేవాళ్లకు అది లాభం. కొని పైన ఇంకో అంతస్తు వేద్దామనుకునేవాళ్లు మాత్రం ముందే కనుక్కోవాలి. రెండోది ఆర్మీ రోడ్లు. ఏఓసీ (ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్) గేట్ల మీదుగా పోయే దారులు రాత్రిపూట మూసేయడం, మళ్లీ తెరవడం, దాని మీద గొడవ ఏళ్లుగా నడుస్తూనే ఉంది. మల్కాజ్‌గిరి, సఫిల్‌గూడ వైపు ఇల్లు చూసేవాళ్లకు దీని దెబ్బ ఎక్కువ తగులుతుంది. మ్యాప్‌లో పది నిమిషాలని చూపించే దారి రాత్రి పదకొండుకు ఉంటుందో లేదో అక్కడుండేవాళ్లను అడిగి తెలుసుకోండి.

ఫ్యాక్టరీలు తెచ్చిన కాలనీలు: కేపీహెచ్‌బీనా, ఏఎస్ రావునగర్ – సైనిక్‌పురినా?

నన్ను ఎక్కువమంది అడిగే పోలిక ఇదే. రెండింటి మూలమూ ఒకటే కాలం. 1960లలో కేంద్ర ప్రభుత్వ సంస్థలు వరసగా వచ్చాయి. పడమర, వాయవ్యంగా బీహెచ్‌ఈఎల్, ఐడీపీఎల్, బాలానగర్ పారిశ్రామికవాడ. ఈశాన్యంగా 1967లో ఈసీఐఎల్. ఉద్యోగులు వేల సంఖ్యలో ఉన్నారు, అందరికీ క్వార్టర్లు చాలవు.

పడమర వైపు ఆ బాధ్యత హౌసింగ్ బోర్డు తీసుకుంది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ, అంటే కేపీహెచ్‌బీ, 1970ల చివర్లో మొదలై ఫేజ్ తర్వాత ఫేజ్‌గా పెరిగింది. ఆదాయాన్ని బట్టి ఈడబ్ల్యూఎస్ (బలహీన వర్గాలు), ఎల్ఐజీ (తక్కువ ఆదాయం), ఎంఐజీ (మధ్య ఆదాయం), హెచ్ఐజీ (ఎక్కువ ఆదాయం) అని ఇళ్లను విభజించారు. ఈ రోజుకీ అక్కడ ఇంటి నంబరు ముందు ఎంఐజీ అనో ఎల్ఐజీ అనో ఉంటుంది. ఇల్లు వెతికేటప్పుడు ఆ మూడక్షరాలే మీకు పెద్ద క్లూ. ఎల్ఐజీ, ఈడబ్ల్యూఎస్ అంటే చిన్న జాగా. అసలు కట్టింది ఒక్క అంతస్తు. ఇప్పుడు అదే జాగాలో నాలుగైదు అంతస్తులు లేచి, కింద షాపు, పైన హాస్టల్, మీద పెంట్‌హౌస్ ఉంటాయి. పక్కింటి గోడకూ మీ కిటికీకీ మధ్య చెయ్యి దూరే సందు కూడా ఉండదు. పగలు కూడా లైటు వేసుకోవాలి. ఎంఐజీ, హెచ్ఐజీ వీధుల్లో గాలి, వెలుతురు కాస్త నయం. బ్రోకర్ ‘ఫోర్త్ ఫేజ్ సార్, రోడ్డు మీదే’ అంటే సరిపోదు, ఏ కేటగిరీ ఇల్లో అడగండి.

ఇంత ఇరుకులోనూ కేపీహెచ్‌బీకి జనం ఎగబడటానికి కారణం ఉంది. కోస్తా జిల్లాల నుంచి చదువుకీ ఉద్యోగానికీ వచ్చినవాళ్లకు ఇదే మొదటి మజిలీ అయింది. గుంటూరు కారం, గోదావరి పూతరేకులు, రాజమండ్రి రోజ్ మిల్క్ గల్లీ చివరే దొరుకుతాయి. ఊరికెళ్లే ప్రైవేటు బస్సు ఇంటి దగ్గరే ఎక్కొచ్చు. సంక్రాంతి ముందు వారం ఆ రోడ్డు మీద బ్యాగులతో నిలబడ్డ జనాన్ని చూస్తే సగం ఆంధ్ర ఇక్కడే ఉందా అనిపిస్తుంది. హైటెక్ సిటీ అయిదారు కిలోమీటర్లే. అయితే మెట్రో ఉంది కదా అని లెక్కేసుకోకండి. కేపీహెచ్‌బీ స్టేషన్ రెడ్ లైన్ మీద ఉంది. హైటెక్ సిటీకి మెట్రోలో పోవాలంటే వెనక్కి అమీర్‌పేట దాకా వెళ్లి మారి మళ్లీ రావాలి. కాబట్టి రోజూ బైకో, బస్సో, షేర్ ఆటోనో. వాన పడ్డ సాయంత్రం ఆ అయిదు కిలోమీటర్లకే గంట పట్టిన రోజులుంటాయి.

ఈశాన్యంలో కథ మరోలా నడిచింది. అక్కడ సహకార సంఘాలు ముందుకొచ్చాయి. మాజీ సైనికోద్యోగుల హౌసింగ్ సొసైటీ సైనిక్‌పురిని పెద్ద పెద్ద ప్లాట్లుగా వేసింది. ఈసీఐఎల్ ఉద్యోగులు చుట్టుపక్కల కాలనీలు కట్టుకున్నారు. సంస్థను స్థాపించిన అయ్యగారి సాంబశివరావు పేరు మీదే ఏఎస్ రావునగర్ వచ్చింది. ప్లాటు తీసుకున్నవాళ్లు అమ్మడానికి కాక ఉండటానికి తీసుకున్నారు, రిటైరయ్యాకా అక్కడే ఉండిపోయారు. సైనిక్‌పురి లోపలి వీధుల్లో ప్రహరీ వెనక మామిడిచెట్టున్న ఇండిపెండెంట్ ఇళ్లు ఇంకా కనిపిస్తాయి. కొన్ని ఇప్పుడు కెఫేలుగా మారాయి. ఏఎస్ రావునగర్ మెయిన్ రోడ్డు మీద బట్టలు, బంగారం, బిర్యానీ అన్నీ దొరుకుతాయి కాబట్టి షాపింగ్‌కు సికింద్రాబాద్ వెళ్లాల్సిన పని లేదు.

అదే డబ్బుకు సైనిక్‌పురి వైపు ఒక బెడ్‌రూమ్ ఎక్కువ వస్తుంది, గాలి కూడా మంచిది. కానీ ఐటీ ఉద్యోగం అయితే హైటెక్ సిటీ పాతిక కిలోమీటర్ల పైమాటే, మెట్రో దరిదాపుల్లో లేదు. వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్తే చాలనేవాళ్లు, మేడ్చల్, చర్లపల్లి వైపు పనులున్నవాళ్లు, రిటైరైనవాళ్లు కళ్లుమూసుకుని ఇటు రావచ్చు. రోజూ పడమటికి పోవాల్సినవాళ్లు పెద్ద ఇంటికి ఆశపడి ఇక్కడ తీసుకుంటే ఏడాది తిరక్కుండానే కేపీహెచ్‌బీలో టూలెట్ బోర్డులు చూస్తుంటారు.

దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం

విజయవాడ హైవే పొడవునా నల్గొండ, ఖమ్మం, సూర్యాపేట వైపు నుంచి వచ్చిన కుటుంబాలతో పెరిగిన ప్రాంతం ఇది. దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బస్టాండు రద్దీ. ఉండటానికి చైతన్యపురి, కొత్తపేట లోపలి కాలనీలు నయం. వనస్థలిపురం ప్రభుత్వ ఉద్యోగుల కాలనీగా వేసింది కాబట్టి వీధులు పద్ధతిగా ఉంటాయి, రైతుబజార్ ఉంది, పక్కనే మహావీర్ హరిణ వనస్థలి పచ్చదనం. మెట్రో ఎల్బీనగర్‌లో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఆటోనో బస్సో. నెలకోసారైనా సొంతూరికి వెళ్లేవాళ్లకు ఇదెంత సుఖమో వాళ్లకే తెలుసు: ఊరంతా దాటాల్సిన పని లేకుండా నేరుగా హైవే ఎక్కేయొచ్చు.

సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల దగ్గర మాత్రం జాగ్రత్త. 2020 అక్టోబర్ వానలకు చెరువు పొంగి కోదండరాంనగర్ లాంటి చోట్ల రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ వీధుల్లో అద్దె తక్కువగా ఉందంటే ఊరికే తక్కువ లేదు.

కొండలెక్కాలా?

బంజారాహిల్స్ గురించి రెండు ముక్కలు చాలు. 1930లలో మెహదీ నవాజ్ జంగ్ రాళ్లగుట్టల మధ్య ఇల్లు కట్టుకున్నప్పుడు అక్కడికెవరు పోతారని నవ్వారట. 1933లో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చి ఆ కొండల మీద కవిత రాశారు. 1960లలో చల్లగళ్ల నరసింహారావు చొరవతో జూబ్లీహిల్స్ సొసైటీ వచ్చింది. మద్రాసు నుంచి సినిమా తరలి రావడంతో, 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలవడంతో ఆ కొండలకు గ్లామర్ తోడైంది. ఇప్పుడు అక్కడి బంగళాల్లో సగం ఆఫీసులు, బొటిక్‌లు. డబ్బుంటే కేబీఆర్ పార్కు పక్కన ఉండటం గొప్ప సంగతే, పొద్దున్నే నడక, నెమళ్ల అరుపులు. కానీ రోడ్ నంబర్లు వరసలో ఉండవు, పాలప్యాకెట్‌కు కూడా గుట్ట దిగి ఎక్కాలి, కారు లేకుండా బతకలేం. మధ్యతరగతివాళ్లు ‘అడ్రస్’ కోసం అక్కడ చిన్న ఫ్లాట్ తీసుకోవడం నాకు ఎప్పుడూ అర్థం కాదు.

1998 తర్వాతి ఊరు: కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల, కోకాపేట

1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి మాదాపూర్ చుట్టూ రాళ్లూ పొలాలే. 1974లో వచ్చిన సెంట్రల్ యూనివర్సిటీ తప్ప ఆ వైపు పెద్ద సంస్థలు కూడా తక్కువ. 2006లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు, తీసేశారు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. 2023లో కోకాపేటలో ఎకరం వంద కోట్లు పలికింది. అంత రేటు పెట్టి కొన్న భూమిలో నలభై, యాభై అంతస్తులు లేపక ఏం చేస్తారు? ఈ ఏరియాల్లో ఎక్కువ భాగం ప్రభుత్వ బోర్డో సొసైటీయో వేసింది కాదు. ఒక్కో బిల్డర్ తన ప్రహరీ లోపల ఒక్కో ఊరు కట్టాడు. ప్రహరీ బయట ఏముండాలో ఎవరూ ఆలోచించలేదు. ఈ ఒక్క మాట గుర్తుంటే పడమటి హైదరాబాద్ మంచీ చెడూ రెండూ అర్థమవుతాయి.

ప్రహరీ లోపల అన్నీ ఉంటాయి: ఈత కొలను, జిమ్, పిల్లలు సైకిలు తొక్కడానికి చోటు, కరెంటు పోయిన క్షణంలో జనరేటరు, రాత్రి పన్నెండుకు వచ్చినా సెల్యూట్ కొట్టే వాచ్‌మన్. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తూ చిన్న పిల్లలున్నవాళ్లకు ఇది నిజమైన సౌకర్యం, దీన్ని వెక్కిరించేవాళ్లు ఆ స్థితిలో ఉండి చూడాలి. గేటు దాటితే మాత్రం ఫుట్‌పాత్ ఉండదు, డ్రైనేజీ సగంలో ఉంటుంది, కరివేపాకు కూడా యాప్‌లోనే తెప్పించుకోవాలి. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్లు వరస కడతాయి, ఆ ఖర్చు మెయింటెనెన్స్ బిల్లులో కలుస్తుంది. కాబట్టి అద్దె ఎంత అని అడిగి ఆగకండి. చదరపు అడుగుకు మెయింటెనెన్స్ ఎంత, గత వేసవిలో ట్యాంకర్ల కోసం అదనంగా వసూలు చేశారా అన్నదీ అడగండి.

ఇదే వైపు నల్లగండ్ల, లింగంపల్లి కొంచెం భిన్నం. యూనివర్సిటీ పచ్చదనం ఒక పక్క, బీహెచ్‌ఈఎల్ టౌన్‌షిప్ పాత పద్ధతి ఒక పక్క, చేతిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్. కోకాపేట టవర్ కంటే ఇక్కడి మామూలు అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌ను నేను ఎక్కువ ఇష్టపడతాను.

కొనేవాళ్లు ఒక లెక్క తప్పకుండా వేసుకోవాలి, అదే యూడీఎస్, అంటే భూమిలో మీ వాటా. పాత ఏరియాలో 500 గజాల్లో ఎనిమిది ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్ అయితే మీకు సుమారు 60 గజాలు వస్తాయి. ఎత్తైన టవర్‌లో అందులో సగం కూడా రాకపోవచ్చు. ముప్ఫై ఏళ్ల తర్వాత బిల్డింగ్ విలువ తగ్గుతుంది, మిగిలేది ఆ గజాలే. నల్లకుంటలో పాత ఫ్లాట్లను రీడెవలప్‌మెంట్‌కు ఇచ్చేవాళ్లు ఇవాళ బేరమాడుతున్నది ఆ గజాల బలంతోనే.

పాతబస్తీ, మెహదీపట్నం, అత్తాపూర్

బిర్యానీ, లాడ్‌బజార్ గాజుల కోసమే పాతబస్తీకి వెళ్లేవాళ్లకు అక్కడ గౌలిపుర, లాల్‌దర్వాజ, ఉప్పుగూడ వైపు తరాలుగా తెలుగు కుటుంబాలున్నాయని తెలియదు. లాల్‌దర్వాజ సింహవాహిని బోనాలు వాళ్లవే. అద్దెలు తక్కువ, మనుషుల పలకరింపు ఎక్కువ. మెట్రో మాత్రం ఎంజీబీఎస్ దగ్గరే ఆగింది. అక్కడ సొంత మనుషులో, వ్యాపారమో ఉంటే తప్ప కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పను.

అత్తాపూర్, ఉప్పర్‌పల్లి చెబుతాను. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా ఎయిర్‌పోర్ట్ దగ్గర, గచ్చిబౌలి కూడా అందుబాటులోనే, గుడిమల్కాపూర్ పూల మార్కెట్ పక్కనే. పడమటి అద్దెలు మోయలేనివాళ్లకు ఇది మంచి దారి. టోలిచౌకి లోతట్టు కాలనీలు, మూసీ ఒడ్డు వీధులు మాత్రం 2020లో మునిగినవే, చూసి దిగండి.

ఎవరికి ఏది?

ఇద్దరూ ఐటీ, పిల్లాడికి మూడేళ్లు, రోజూ ఆఫీసు: కొండాపూర్ లేదా నల్లగండ్ల, అదీ అద్దెకు. కొనే ఆలోచన రెండేళ్లు వాయిదా వేయండి. బ్యాచిలర్, మొదటి ఉద్యోగం: కేపీహెచ్‌బీ, వేరే ఆలోచనే వద్దు. గ్రూప్స్‌కు చదివేవాళ్లు అశోక్‌నగర్‌కే వెళ్తారు, నేను చెప్పినా చెప్పకపోయినా. పెద్దవాళ్లతో కలిసుండే కుటుంబం: పడమటి మారేడ్‌పల్లి, కుదరకపోతే పద్మారావునగర్, అదీ కాకపోతే తార్నాక. ఈ మూడూ మెట్రోకు దగ్గరే. అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి గేటెడ్ కమ్యూనిటీ పన్నెండో అంతస్తులో మాట్లాడే మనిషి లేక మొహం వాచిపోవడం చాలా ఇళ్లలో చూశాను. వాళ్లకు గుడి, అరుగు, కూరగాయల బండి ఉన్న చోటు కావాలి. ప్రభుత్వ ఉద్యోగం, సెక్రటేరియట్ వైపు ఆఫీసు అయితే విద్యానగర్, చిక్కడపల్లి. రిటైరై, సొంత ఇంటి ముందు తులసికోట ఉండాలనుకుంటే సైనిక్‌పురి వైపు ఏదైనా పాత ఇండిపెండెంట్ ఇంట్లో కింది పోర్షన్ వెతకండి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు

ఇల్లు చూడటానికి ఆదివారం పొద్దున వెళ్లకండి. ఆ టైమ్‌లో ఊరంతా బాగానే ఉంటుంది. వారం మధ్యలో సాయంత్రం ఏడింటికి ఒకసారి, వాన వెలిసిన గంటకు మరోసారి వెళ్లండి. గోడల మీద అడుగు ఎత్తులో తేమ గీత ఉందేమో చూడండి. కొత్తగా సున్నం కొట్టినా గేటు తుప్పు, మెట్ల కింది మరక నిజం చెబుతాయి. సెల్లార్‌లో మోటార్లను ఎత్తైన దిమ్మ మీద పెట్టారంటే అక్కడికి ఒకసారి నీళ్లొచ్చాయని అర్థం.

వాచ్‌మన్ భార్యను అడిగితే నల్లా నీళ్లు ఎన్ని రోజులకోసారి, ఎన్నింటికి వస్తాయో ఓనరు కంటే కచ్చితంగా చెబుతుంది. గల్లీ చివరి ఇస్త్రీ బండి అతనికి ఏ ఇల్లు ఏడాదికి మూడుసార్లు ఖాళీ అవుతుందో తెలుసు. అతని దగ్గర రెండు చొక్కాలు ఇస్త్రీ చేయించుకుంటూ అడగండి.

కొనేవాళ్లయితే హెచ్‌ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపుల్లో ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు, దాని చుట్టూ వదలాల్సిన బఫర్ ఎక్కడిదాకా ఉందో చూసుకోవాలి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే సంస్థ హైడ్రా వచ్చాక రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు లోన్ ఇచ్చింది అన్న మాటలు చాలామందిని కాపాడలేదు. గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ 84 గ్రామాల్లో ప్లాటు చూపిస్తుంటే ఆ రెండు జలాశయాల రక్షణకు నిర్మాణాలపై ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో సంగతి వాళ్లనే అడిగి, సమాధానం వాళ్ల నోటి మాటగా కాక మీ లాయరు చేత కాగితం మీద రాయించుకోండి. సొసైటీ కాలనీల్లో అయితే లింకు డాక్యుమెంట్లు సొసైటీ మొదటి కేటాయింపు దాకా ఉండాలి, మధ్యలో ఒక్కటి లేకపోయినా టోకెన్ అడ్వాన్స్ ఇవ్వొద్దు.